నిశ్శబ్దం పాటించండి, బాకీ అడక్కండి

మన సర్కార్లకు ఒక చక్కని అలవాటుంది. జబ్బుకు మందు కొనడానికి మనసొప్పకపోతే శిక్షణ ఇస్తాయి. టీచర్లు లేని బడికి బోధనా నైపుణ్యాల మీద శిక్షణ. మందుల్లేని ఆసుపత్రికి రోగులతో మర్యాదగా మాట్లాడడం మీద శిక్షణ. ఆ వరసలో గ్రంథాలయాల వంతు కూడా వచ్చింది. పాఠకుల మధ్య తగాదా వస్తే ఎలా తీర్చాలి, పేచీకోరు పాఠకుణ్ణి ఎలా దారికి తెచ్చుకోవాలి అన్నది పాఠం. ఏసీ హాలు, ప్రొజెక్టరు, మధ్యలో సమోసా, చివర్న సర్టిఫికెట్టు.

పాఠం సారాంశం ఇది. పేచీకోరు రాగానే ముందు చిరునవ్వు నవ్వాలి. ఆయన చెప్పేది అడ్డు తగలకుండా వినాలి. ఆయన గొంతు పెంచితే మనం గొంతు తగ్గించాలి. వాదనకు దిగకూడదు. ‘మీ బాధ నాకు అర్థమైందండీ’ అనాలి. అడిగింది లేకపోతే ఇంకోటి చూపించాలి. అప్పటికీ దిగిరాకపోతే సెక్యూరిటీని పిలవాలి, పై అధికారికి చెప్పాలి, జరిగినదంతా కాగితం మీద పెట్టాలి.

ఒక్క మాట కూడా కాదనడానికి లేదు. చిక్కల్లా ఆ మాటలు పట్టుకుని మన శాఖా గ్రంథాలయంలోకి అడుగుపెట్టినప్పుడే వస్తుంది. సెక్యూరిటీని పిలవమన్నారు. ఎవర్ని? పొద్దున ఎనిమిదింటికి తాళం తీసేది, బల్లలు తుడిచేది, పేపర్లకు దారం కుట్టేది, పుస్తకం ఇచ్చేది, పుచ్చుకునేది చాలాచోట్ల ఒక్క మనిషే. ఆ మనిషి కూడా వారంలో సగం రోజులు పక్క ఊరి శాఖకు ఇన్‌ఛార్జి. పై అధికారికి చెప్పమన్నారు. ఆయన జిల్లా కేంద్రంలో ఉంటాడు, ఆయనా ఇన్‌ఛార్జే. కాగితం మీద పెట్టమన్నారు. కాగితాలకు ఇండెంటు పెట్టి ఏడాదైంది. ఇక మిగిలింది చిరునవ్వు. దానికి ఇండెంటు అక్కర్లేదు కాబట్టే శిక్షణలో దాన్ని మొదట పెట్టారు.

అదైనా అందరికీ పనికొస్తుందా? ఓ మహిళా లైబ్రేరియన్ సాయంత్రం ఏడింటి దాకా ఒక్కతే కూర్చుంటుంది. పుస్తకం పని లేకుండా కౌంటరు దగ్గర నిలబడి ‘మేడమ్ ఏ ఊరు, ఇంట్లో ఎంతమంది’ అని ఆరాలు తీసేవాడొకడు రోజూ వస్తాడు. వాణ్ణి చూసి చిరునవ్వు నవ్వితే మర్నాడు ఇంకో గంట ముందే దిగుతాడు. ‘మీ బాధ నాకు అర్థమైంది’ అంటే ఏకంగా ఫోన్ నంబరు అడుగుతాడు. ఆమెకు కావలసింది కౌంటరు దగ్గర ఇంకో మనిషి, గుమ్మం దగ్గర ఓ దీపం, తలుపుకి గడియ ఉన్న మరుగుదొడ్డి. ఈ మూడూ స్లైడ్లలో లేవు. స్లైడుకైతే ఖర్చుండదు మరి.

ఇంతకీ మన గ్రంథాలయాల్లో తగాదా దేనికి వస్తుంది? పుస్తకాలకు మాత్రం రాదు. పుస్తకం కోసం కొట్టుకునే పాఠకుడు దొరికితే ఏ లైబ్రేరియనైనా పూలదండ వేసి ఫొటో తీయించుకుంటాడు. తగాదాలన్నీ మూడింటి మీద: పేపరు, కుర్చీ, ఫ్యాను.

పేపరు సంగతి ముందు చూద్దాం. తలుపు తెరిచిన పది నిమిషాలకు బల్ల దగ్గర జరిగే సంభాషణ ఏ ఊళ్లోనైనా దాదాపు ఒక్కటే.

‘‘మాస్టారూ, మెయిన్ అయిపోతే ఇటివ్వండి.’’

‘‘చదువుతున్నా కదండీ.’’

‘‘అరగంట నుంచీ అదే పేజీ చూస్తున్నారు.’’

‘‘సంపాదకీయం అండీ. సినిమా బొమ్మ కాదు, గబగబా తిప్పెయ్యడానికి.’’

‘‘పోనీ జిల్లా పేపరన్నా ఇప్పించండి.’’

‘‘అదెక్కడుందో నాకేం తెలుసు?’’

తెలుసు. దాని మీదే కూర్చున్నారు. ఇంతలో వెనకనుంచి ఓ కుర్రాడు వంగి, ‘‘అంకుల్, ఉద్యోగాల పేజీ ఒక్కటి ఫొటో తీసుకుంటా’’ అంటాడు. ‘‘అంకుల్ ఎవడ్రా నీకు? ముప్పై ఏళ్లు హెడ్మాస్టరుగా చేశాను’’ అంటారు ఆయన. సంపాదకీయం పక్కకుపోయి సర్వీసు రికార్డు బయటికొస్తుంది. ఈలోగా అవతలి బల్ల మీద రెండు పేపర్లు చదివే ఇద్దరికి చెడుతుంది. ఒక పేపర్లో రాష్ట్రం వెలిగిపోతోంది, ఇంకో పేపర్లో అదే రాష్ట్రం తగలబడిపోతోంది. ఇద్దరూ ఒకే వీధి వాళ్లు, ఒకే రేషను డిపో వాళ్లు. ఎవరి పేపరు వాళ్లు చదువుకుని, ఎదుటివాడి పేపరు ఎందుకు తెప్పిస్తున్నారని లైబ్రేరియన్‌ని నిలదీస్తారు. ఇద్దరిదీ ఒకటే ఫిర్యాదు కాబట్టి దీన్ని ఏకాభిప్రాయం అనుకోవచ్చు.

ఇది ఆ పెద్దాయన చాదస్తమనీ, ఆ కుర్రాడి పొగరనీ మనం తేల్చేస్తాం. ఒకటే పేపరు నలభై మందికి వేసి, అందులో సగం మందికి ఇంట్లో పేపరు కొనే స్తోమత లేకుండా చేసి, తర్వాత వాళ్ల స్వభావాల మీద పరిశోధన చెయ్యడం మన ప్రత్యేకత. అదే పేపరు మూడు కాపీలు వేయించండి. హెడ్మాస్టారు ఆ కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఇంగ్లీషు గ్రామరు చెబుతారు, కావలిస్తే చూసుకోండి.

ఇక కుర్చీ. హైదరాబాదు చిక్కడపల్లిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీకి పొద్దున్నే వెళ్లి చూడండి. గేటు తెరిచేసరికి బయట బ్యాగుల వరస ఉంటుంది. గ్రూప్స్, డీఎస్సీ, ఎస్సై, కానిస్టేబుల్, ఏ నోటిఫికేషన్ వచ్చినా రాకపోయినా చదువుతూనే ఉండే పిల్లలు. లోపల చోటు దొరకని వాళ్లు ఆవరణలో చెట్ల కింద చదువుకుంటారు. కుర్చీ మీద కర్చీఫు, కర్చీఫు మీద నీళ్ల సీసా, సీసా కింద పాలిటీ నోట్సు. కర్చీఫు వేసి చోటు ఆపుకోవడం రిజిస్ట్రేషను ఆఫీసుతో పనిలేకుండా తెలుగువాడు సాధించుకున్న ఆస్తి హక్కు. దాన్ని కాదన్నవాడితో తగాదా ఖాయం. ‘‘అన్నా, ఇది నా సీటే.’’ ‘‘నీ సీటైతే నువ్వెటు పోయినవ్?’’ ‘‘టీ తాగనీకి పోయిన.’’ ‘‘టీ తాగనీకి గంటా?’’ ఇలా మొదలై, రాజ్యాంగంలోని సమానత్వపు హక్కు ఏ అధికరణంలో ఉందో కంఠస్థం వచ్చిన ఇద్దరు, ఆ హక్కు కోసం కాలర్లు పట్టుకుంటారు.

శిక్షణ పాఠం ఇక్కడేం చెబుతుంది? ‘ఇంకోటి చూపించండి.’ ఏం చూపించాలి? పక్క సందులో అశోక్‌నగర్ ఉంది. అక్కడ నెలకింత అని కడితే అట్టపెట్టెంత క్యాబిన్, ఓ ప్లగ్గు, ఓ లైటు ఇచ్చే ప్రైవేటు రీడింగ్ రూములు వీధికి నాలుగున్నాయి. ప్రభుత్వం ఇవ్వలేని కుర్చీని వ్యాపారస్తుడు అద్దెకిస్తున్నాడు. పల్లె నుంచి వచ్చి, ఐదు రూపాయల భోజనంతో పూట గడుపుకునే పిల్లవాడు ఆ అద్దె కట్టలేకే లైబ్రరీ కుర్చీ కోసం తెల్లారకుండా లేస్తున్నాడు. వాడికి మనం పెట్టిన పేరు పేచీకోరు.

వీళ్ల మీద ఇంకో నింద ఉంది. లైబ్రరీ పుస్తకం ముట్టరట, సొంత పుస్తకాలు తెచ్చుకుని కుర్చీలు ఆక్రమిస్తారట. కథలూ నవలలూ చదివే అసలు పాఠకుడికి చోటుండదట. మాట నిజమే. అయితే వాళ్లకు కావలసిన తెలుగు అకాడమీ పుస్తకం బీరువాలో ఎలా ఉందో ఎవరైనా తీసి చూశారా? ఆధునిక చరిత్రలో 1857 ఉంటుంది, 1885 ఉండదు. మధ్య పేజీలు బ్లేడు దెబ్బకి ఏ హాస్టలు గదికో వెళ్లిపోయాయి. ఎకానమీ పుస్తకంలో పాతకాలపు లెక్కలుంటాయి. పరీక్షలో మాత్రం కొత్త లెక్కలు అడుగుతారు. లైబ్రరీ ఇచ్చేది గోడలూ కప్పూ మాత్రమే అయినప్పుడు వాళ్లు గోడలూ కప్పూ వాడుకుంటున్నారు. అందులో తప్పేముంది?

బ్లేడు పెట్టేవాణ్ణి నేను వెనకేసుకు రావడం లేదు. అతనికి క్షమాపణ లేదు. ఉద్యోగ ప్రకటన కత్తిరిస్తే వెనక పేజీలో ఎవరిదో దినకర్మ ప్రకటన పోతుంది. వాడి ఉద్యోగం కోసం ఇంకొకరి పెదకర్మ తప్పిపోతుంది. అతనికన్నా ఘనుడు డిటెక్టివ్ నవల పన్నెండో పేజీలో పెన్నుతో ‘హంతకుడు డ్రైవరే’ అని రాసేవాడు. ఆదివారం అనుబంధంలో గళ్ల నుడికట్టు తప్పులతో నింపేసి పోయే ఆవిడ ఇంకో రకం. నిండు వేసవిలో ఫ్యాను కింద మహిళల బల్ల ఎక్కి నిద్రపోయే మహానుభావుడి గురకకు తాళం వేస్తూ పాత గోడ గడియారం కొట్టుకుంటూ ఉంటుంది. ఫోన్లో ‘నేనిక్కడ లైబ్రరీలో ఉన్నా, మాట్లాడకూడదు’ అన్న విషయం పావుగంటసేపు బిగ్గరగా వివరించేవాడు అన్ని శాఖల్లోనూ సభ్యుడు. వీళ్లందర్నీ కసరాల్సిందే. కసరడానికి ఓ మనిషి కావాలి, అంతే.

పుస్తకాల గురించి తగాదాలే లేవన్నాను. ఒక రకం ఉంది. అది రాసినవాళ్లతో వస్తుంది. సొంత ఖర్చుతో అచ్చేసిన కవితా సంపుటి పది కాపీలు విరాళమిచ్చిన కవిగారు వారానికోసారి వచ్చి, వెనక అట్టకు అంటించిన తేదీల చీటీ తిప్పి చూస్తారు. చీటీ తెల్లగా ఉంటుంది. ‘‘మీరు జనానికి చూపించడం లేదు’’ అంటారు. అటూ ఇటూ చూసి తన పుస్తకాన్ని బీరువా ముందు వరసలోకి జరుపుతారు. అక్కడున్న నవలలు కొన్ని అటక ఎక్కుతాయి. షియాళి రామామృత రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు రాశారు. లెక్కలు చెప్పుకునే మేష్టారు మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వచ్చి, ప్రపంచమంతా పాఠంగా చెప్పుకునే సూత్రాలిచ్చారు. ప్రతి పుస్తకానికీ ఓ పాఠకుడు ఉంటాడన్నది అందులో మూడోది. కవిగారికి ఆ సూత్రం బాగా తెలుసు. ఇంకా ఎవరూ దొరకలేదు కాబట్టి ఆ పాఠకుడు లైబ్రేరియనే అయ్యుండాలని ఆయన తీర్మానం.

మిగతా సూత్రాలకూ మన దగ్గర మర్యాద తక్కువేం కాలేదు. పాఠకుడి సమయం ఆదా చెయ్యమన్నారాయన. నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి కూర్చున్న పిల్లలకు మనం ధారాళంగా ఇచ్చింది సమయమొక్కటే, దాన్నీ ఆదా చేసి ఏం చేసుకుంటారు? గ్రంథాలయం ఎదిగే జీవి అన్నారాయన. ఎదుగుతోంది. కప్పు మీద రావి మొక్క ఈ వానాకాలానికి చెట్టయింది.

పేచీకోర్ల పై తరగతి ఒకటుంది. వీళ్లు పాఠకులు కారు, పెద్దమనుషులు. పుట్టినరోజు సభకు రీడింగ్ హాలు కావాలంటారు. మనవడి పేరు మీద నాలుగు పుస్తకాలు పట్టుకెళ్లి, తిరిగి అడిగితే ‘‘నేనెవరో తెలుసా’’ అంటారు. నవంబర్ 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. ఆ వారం మన ఊరి గ్రంథాలయంలో చదువుకోవడం ఎవరి తరమూ కాదు. కుర్చీలన్నీ షామియానా కిందికి వెళ్లిపోతాయి. ముఖ్య అతిథి గంట ఆలస్యంగా వచ్చి, నేటి యువత పుస్తకం చదవడం లేదని గంటన్నర బాధపడతారు. చదువుకుంటున్న యువతను లేపి ఆ కుర్చీలోనే ఆయన్ని కూర్చోబెట్టిన సంగతి ఎవరూ ఆయనకు చెప్పరు. శిక్షణలో చెప్పిన ‘వాదనకు దిగకూడదు’ అన్న నియమం ఇక్కడ అక్షరాలా అమలవుతుంది.

అమెరికాలోనూ లైబ్రరీల్లో తగాదాలున్నాయి, వాళ్లూ శిక్షణ ఇస్తారు, వాళ్ల స్లైడ్లే మనం దించుకుంటున్నాం అంటారు. దించుకోండి, పూర్తిగా దించుకోండి. ఇల్లూ వాకిలీ లేని వాళ్లు పగలంతా వచ్చి కూర్చుంటున్నారని తెలిసినప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కో పబ్లిక్ లైబ్రరీ 2009లో ఒక సోషల్ వర్కర్‌ను ఉద్యోగంలో పెట్టుకుంది. వచ్చినవాడి చిక్కేమిటో కనుక్కుని, తలదాచుకునే చోటు చూపించడం ఆ మనిషి పని. అంటే వాళ్లు పేచీ వెనక ఉన్న కారణాన్ని జీతమిచ్చి వెతికించారు. అక్కడ లైబ్రేరియన్‌కి తోడు సోషల్ వర్కర్ ఉన్నారు. ఇక్కడ సోషల్ వర్కర్ సంగతి దేవుడెరుగు, లైబ్రేరియన్ పోస్టే ఖాళీ. ఆ ఖాళీకి చిరునవ్వు ఎలా నవ్వాలో నేర్పిస్తున్నాం.

అసలీ గ్రంథాలయాలు కట్టినవాళ్లు తగాదాలకు వెనకాడిన మనుషులేనా? 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టినప్పుడు తెలుగులో బోర్డు కట్టడమే సాహసం. నిజాం జమానాలో సభ పెట్టాలంటే అనుమతి కావాలి. పదిమంది చదువుకునే గదిని కూడా పోలీసులు అనుమానంగా చూసేవారు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో ఊరూరి గ్రంథాలయాల వాళ్లు ఒకచోట చేరి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టుకున్నారు. ఆ ఉద్యమానికి పెద్దదిక్కయిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు అంతకుముందే, 1908లో, రాజద్రోహం నేరం మీద జైలుకెళ్లొచ్చిన మనిషి. పాతూరి నాగభూషణం గారి బృందం పడవలో పుస్తకాలు పెట్టి కృష్ణా కాలువల మీద ఊళ్లకు తీసుకెళ్లింది. వట్టికోట ఆళ్వారుస్వామి గారు పుస్తకాలు మోసుకుంటూ తెలంగాణ ఊళ్లు తిరిగి అమ్మారు, ఆయనా జైలు చూశారు. వీళ్లకూ పేచీకోర్లు తగిలారు. అయితే వీళ్ల పేచీ బల్లకు అటువైపు కూర్చున్న పేద పాఠకుడితో కాదు. పుస్తకానికి అడ్డం పడ్డ సర్కారుతో. ఎవరితో పోట్లాడాలో వాళ్లకు తెలుసు. మనం మరిచిపోయింది అదే.

మరిచిపోయాం కాబట్టి అసలు పేచీకోరు హాయిగా తప్పించుకు తిరుగుతున్నాడు. ఆయన పేపరు చింపడు. ఫోన్లో అరవడు. బల్ల మీద పడుకోడు. లైబ్రరీ గుమ్మమే తొక్కడు. అయినా తెలుగునాట గ్రంథాలయాలకు ఆయన ఉన్నంత బాకీ ఇంకెవరూ లేరు.

వివరంగా చెబుతాను. 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. రాష్ట్రం రెండయ్యాక కూడా రెండు చోట్లా నడుస్తున్నది ఆ చట్టమే. జిల్లాకో గ్రంథాలయ సంస్థ ఉండాలి, దాని ఖర్చుకు ఇంటి పన్నుతో కలిపి గ్రంథాలయ పన్ను వసూలు చెయ్యాలి. రూపాయి పన్నుకు ఎనిమిది పైసలు. మీ ఇంటి పన్ను రెండు వేలైతే దాని మీద లైబ్రరీ పన్ను నూట అరవై. వసూలు చేసేది మున్సిపాలిటీ, కార్పొరేషను, పంచాయతీ. చేసి, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ కట్టాలి. అది వాళ్ల డబ్బు కాదు, ఇచ్చిపొమ్మని మీరు వాళ్ల చేతిలో పెట్టిన డబ్బు. ఆ డబ్బు మున్సిపాలిటీ దాకా నడిచి వెళ్తుంది. అక్కణ్ణుంచి గ్రంథాలయం దాకా వెళ్లడానికి మాత్రం దానికి కాళ్లు రావు. వీధి దీపాలకో, చెత్త బండ్లకో, కమిషనరు గారి ఛాంబరు పరదాలకో, మరి దేనికి వెళ్తుందో చెప్పేవాడు లేడు. గ్రంథాలయ పన్ను బకాయిలు కోట్లలో పేరుకున్నాయని పేపర్లో ఏడాదికోసారి వార్త వస్తుంది. ఆ పేపరు చదవడానికే నలభై మంది కొట్టుకుంటున్నారు.

ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. పదో తరగతి పిల్ల కథల పుస్తకం గడువు దాటి తెచ్చిందా, రోజుకింత అని జరిమానా. పోగొట్టిందా, ఖరీదు కట్టాల్సిందే. సభ్యత్వం కావాలంటే డిపాజిట్టు కట్టు, ఆధార్ జిరాక్సు తే. కోట్ల రూపాయలు తీసుకెళ్లి ఏళ్ల తరబడి తిరిగివ్వని సభ్యుడికి జరిమానా లేదు, డిపాజిట్టు లేదు, సభ్యత్వం రద్దు లేదు. పైగా వారోత్సవాల్లో ఆయనే ముఖ్య అతిథి. గ్రంథాలయ సంస్థ చైర్మన్ గారు నిలదియ్యొచ్చు కదా అంటారా? ఆ కుర్చీ ప్రభుత్వం నామినేట్ చేసేది. టిక్కెట్టు దక్కనివాళ్ల అలక తీర్చడానికి పనికొచ్చే కుర్చీ అది. అలక తీరి కూర్చున్నవాడు సొంత పార్టీ మున్సిపాలిటీని బాకీ అడుగుతాడా? కుర్చీ ఖాళీగా ఉంటే ఏదో అధికారికి అదనపు బాధ్యత. ఆయనకు అసలు బాధ్యతలే తలకు మించి ఉంటాయి.

మరి గ్రంథాలయ సంస్థలు ఈ పేచీకోరుతో ఎలా వ్యవహరించాయి? అచ్చం శిక్షణలో చెప్పినట్టే. చిరునవ్వు నవ్వాయి. గొంతు తగ్గించాయి. ‘తమ ఆర్థిక ఇబ్బందులు మాకు అర్థమైనవి’ అని రాశాయి. వాదించలేదు. అన్నీ కాగితం మీద పెట్టాయి: జ్ఞాపిక, మరో జ్ఞాపిక, తక్షణ జ్ఞాపిక. పేచీకోరును మర్యాదగా సంభాళించడంలో మన గ్రంథాలయాలకు నేర్పాల్సింది ఏమీ లేదు. దశాబ్దాలుగా చేస్తున్నది అదే. ఆ మర్యాద ఫలితమే ఒకటే పేపరు, విరిగిన కుర్చీ, తిరగని ఫ్యాను. వాటి దగ్గర పుట్టే తగాదాలకు మళ్లీ అదే మర్యాద మందు అంటున్నారు.

పాఠకుడైనా ఏం చేస్తున్నాడు? పన్ను కట్టింది అతనే. పేపరు దొరక్కపోతే అరిచేదీ అతనే. అరిచేది మాత్రం ఫైలు మీద సంతకం పెట్టే అధికారం లేని లైబ్రేరియన్ మీద, జీతం ఎప్పుడొస్తుందో తెలియని ఔట్‌సోర్సింగ్ అటెండరు మీద. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. ఫిర్యాదుల పుస్తకం తిరగేస్తే ఫ్యాను గురించి రాసినవి పేజీలకు పేజీలుంటాయి. ఫ్యాను డబ్బు ఎవరి దగ్గరుందో అడిగిన ఫిర్యాదు ఒక్కటీ కనిపించదు.

కాబట్టి నా సలహా చిన్నది. పాఠకులతో తగాదాలు ఎలా ఆపాలో నేర్పే తరగతులు కొన్నాళ్లు ఆపండి. ఎవరితో తగాదా పడాలో నేర్పే తరగతి ఒక్కటి పెట్టండి. దానికి ఏసీ హాలు అక్కర్లేదు. హెడ్మాస్టారు తన ఇంటి పన్ను రసీదు తేవాలి. అంకుల్ అన్న కుర్రాడు సమాచార హక్కు దరఖాస్తు నింపాలి. పరీక్ష కోసం ఆ చట్టం వాడికి సెక్షన్లతో సహా వచ్చు. కవిగారు దాన్ని ఛందస్సు లేకుండా మామూలు వచనంలో దిద్దాలి. పోయిన ఏడాది మా ఊళ్లో గ్రంథాలయ పన్ను ఎంత వసూలైంది, ఎంత జమైంది, మిగతాది ఎక్కడుంది, మూడే ప్రశ్నలు. రెండు పేపర్ల వాళ్లూ ఆ దరఖాస్తు కింద పక్కపక్కన సంతకాలు పెట్టొచ్చు. పన్ను రెండు పార్టీల వాళ్లూ కట్టిందే, బాకీ రెండు పార్టీల హయాంలోనూ పెరిగిందే.

లైబ్రేరియన్ చెయ్యాల్సిన పని ఒక్కటుంది. గడువు దాటినా పుస్తకం తేని వాళ్ల పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టడం పాత ఆనవాయితీ. ఆ జాబితా మొదటి వరసలో రాయాలి: సభ్యుని పేరు, పురపాలక సంఘం. తీసుకున్నది, పాఠకుల డబ్బు. గడువు, ఏనాడో దాటింది. హామీ సంతకం, 1960 నాటి శాసనసభ.

అది అంటించిన సాయంత్రానికల్లా లైబ్రేరియన్‌కి మెమో వస్తుంది. జ్ఞాపికలకు ఏళ్ల తరబడి జవాబు రాయని ఆఫీసు ఈ ఒక్క కాగితం మాత్రం పూట తిరక్కుండా పంపిస్తుంది. అందులో ఏం నేరం రాస్తారో ఇప్పుడే చెప్పగలను: గ్రంథాలయ ఆవరణలో నిశ్శబ్దాన్ని భంగపరిచినందుకు.